బుట్టలో పడ్డ మర్సెల్

“మర్సెల్‌ని కోళ్ళగూట్లో పడేస్తాట్ట!”

కాలుతున్న ఇస్త్రీపెట్టె చేత్తో పట్టుకునే వార్నిష్ గదిలోకి దూసుకొచ్చింది జేలీ. చుట్టూ అవిసెనూనె పీపాలు, టర్పెంటైను డబ్బాలు. వాటి మధ్యకి నిప్పుతో వచ్చిన మనిషిని చూడగానే నా ప్రాణం పైకెగిరింది. బెలూన్ల కార్ఖానాలో పైకెగరడం వింత కాదు గానీ, గాలి నింపకుండా ఎగిరింది ఆ రోజు నేనొక్కణ్ణే.

“ముందు ఆ పెట్టె గుమ్మం అవతల పెట్టి రా తల్లీ. తర్వాత మర్సెల్‌ని ఎక్కడ పెడతారో చెబుదువు గాని.”

పెట్టొచ్చింది. పేరు జేలీ గానీ ఆవిడలో జాలి మచ్చుకైనా లేదు. ఎవరింట్లో ఏ గిన్నె పగిలినా మొదటి చప్పుడు ఆవిడ నోట్లోంచే వినపడుతుంది. ఈసారి మాత్రం నిజంగానే దిగులుపడి చెప్పింది.

“మన ముసలాడు టెలిఫోనులో మాట్లాడుతున్నాడు సూరీ. గోడకి ఇవతల ఇస్త్రీ చేస్తూ అంతా విన్నాను. ‘మర్సెల్ పని అయిపోయింది. ఇరవై ఏళ్ళు నాతో తిరిగింది, ఇక చాలు. వెడల్పు, బరువు. కూర్చుంటే కిర్రుమంటోంది. ఇప్పుడు నాకు సన్నగా పొడుగ్గా ఉండేది కావాలి, గురువారం తీసుకొచ్చెయ్. పాతదాన్ని మా ఇంటి వెనక కోళ్ళకి పడేస్తా. మా వాళ్ళకి మాత్రం చెప్పకు, ఏడుస్తారు’ అన్నాడు. మా అమ్మ మీద ఒట్టు!”

“మీ అమ్మ పోయి చాలా కాలమైందిగా?”

“అందుకే ఆవిడ మీద వేశాను. బతికున్నవాళ్ళ మీద వేస్తే ఊరుకుంటారా?”

నేను నవ్వబోయి ఆగాను. ఆ మాటలు మా యజమానివే. ఆ తీరూ ఆయనదే. ఆయన పేరు ఎవరిస్త్ లోర్మో. ఎవరిస్తే తీసుకునే రకం కాదు, ఎవరడిగినా ఇచ్చే రకమూ కాదు. గుడ్డ, దారం, వార్నిష్, ఈ మూడింటితో మనిషిని మబ్బుల్లోకి పంపడం సంతలో గారడీ కాదు, పద్ధతిగా చేసే పని అని ఈ దేశానికి నేర్పిన మొదటి తరంలో వాడు. చాకిరేవు పెరట్లో ఒక్క దుప్పటి పరుచుకుని మొదలెట్టి, వోజిరార్ వీధిలో ఇంత పొడుగు షెడ్డు లేపాడు. అక్షరాలా పైకొచ్చిన మనిషి. అయితే టెలిఫోను అంటే మాత్రం ఆయనకి నమ్మకం లేదు. అవతలి ఊరితో మాట్లాడాలంటే అవతలి ఊరికి వినపడేంత గట్టిగా అరవాలనుకుంటాడు. ఆ అరుపు ముందు నోట్లో పొగతాగే పైపు దాటాలి, తర్వాత మీసం దాటాలి, తర్వాత చెక్కగోడ దాటాలి, చివరికి తడిగుడ్డ మీద బుస్సుమనే ఇస్త్రీపెట్టె దాటి జేలీ చెవిలో పడాలి. ఇన్ని దాటుకొచ్చిన మాట ఏమాత్రం నలిగిందో ఆ పూట ఎవరికీ తట్టలేదు.

మర్సెల్ అంటే మా కుట్టుగది పెద్ద. ఆ చాకిరేవు పెరట్లో మొదటి బెలూను కుట్టిన చెయ్యి ఆవిడదే. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఉన్నదల్లా కిటికీ పక్కన ఒక ఎత్తు స్టూలు, సూదుల దిండు, పాతిక గజాల అతుకుని ఒక్క వంకర లేకుండా లాగే కుడిచెయ్యి. అతుకే ఆవిడ బతుకు. మనిషి మాత్రం, మాట దాచుకోవడమెందుకు, కొంచెం వెడల్పే. ఆ వెడల్పు కింద ఆ స్టూలు కిర్రుమనడమూ నిజమే.

“కుట్టు దగ్గర కుట్ర జరిగిందన్నమాట,” అన్నాను.

“నీ మాటలాటలు తర్వాత ఆడుకో ఎలుకా! ఆవిడకి ఎవరు చెప్తారు?”

ఎలుక అంటే నేనే. మా యానాంలో నన్ను సూరి అనేవాళ్ళు, సూర్యుడన్న మాట. ఇక్కడి ఫ్రెంచి భాషలో సూరీ అంటే చిట్టెలుక. పట్టుగుడ్డలూ, తాళ్ళూ, వలలూ నిండిన కార్ఖానాలో ఎలుకకి పనిచ్చిన మహానుభావుడు భూమ్మీద మా లోర్మో ఒక్కడే. అలాంటి మనిషి మర్సెల్‌ని తీసేస్తాడా? నా కాళ్ళు ఆ గదిలో నిలవలేదు. చేతిలో కుంచె ఎక్కడ పెట్టానో కూడా మర్చిపోయి, నా టోపీకే వార్నిష్ వేసుకున్నాను.

ఆ వారమంతా అసలే ఎవరికీ కుదురు లేదు. ఇన్నాళ్ళూ కుట్టినవి గుండ్రటి బెలూన్లు, గాలి ఎటు తోస్తే అటు పోయే రకం. ఇప్పుడు కుడుతున్నది చుట్టలా పొడుగ్గా, మోటారు తగిలించుకుని, మనిషి ఎటు తిప్పితే అటు తిరగాల్సిన గాలి ఓడ. మా కార్ఖానాకి అలాంటిది ఇదే మొదటిది. ఆదివారం మైదానంలో పదిమంది ముందు దాన్ని ఎగరేస్తామని లోర్మో మాటిచ్చేశాడు. ఇచ్చిన దగ్గర్నుంచీ ఆయన కూర్చోలేదు. గొడుగు పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, గాలి ఎటు వీస్తోందో చూపే ఇనప గాలికోడి వంక చూస్తాడు, లోపలికొచ్చి గుడ్డ తడుముతాడు, వెనక షెడ్డులో దూలానికి వేలాడే తన మొదటి బెలూను బుట్ట దగ్గర ఆగుతాడు, నిట్టూరుస్తాడు, మళ్ళీ పెరట్లోకి పోతాడు. ఆ బుట్టంటే ఆయనకి ప్రాణం. ఏటా తన మొదటి ప్రయాణం రోజున దాని మీద ఇంత ఎర్రవైను చిలకరించి, మా అందరిచేతా ముట్టిస్తాడు.

మర్సెల్‌కి చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. బదులుగా మేమందరం ఆవిడ మీద దయ చూపించడం మొదలెట్టాం, అదే కొంప ముంచింది. నేను స్టూలు కాళ్ళకి నూనె పోశాను. జేలీ తన గిన్నెలో మాంసం ముక్కలన్నీ ఏరి ఆవిడ గిన్నెలో వేసింది. వలలు అల్లే బర్నబే తాతకి కూడా కబురు అందించాం. వెనకటి యుద్ధంలో శత్రువులు ఊరిని ముట్టడించినప్పుడు ఫిరంగి పక్కన నిలబడి ఒక చెవి పోగొట్టుకున్న మనిషి ఆయన. జేలీ ఆయన చెవిలో చెప్పింది గానీ, మంచి చెవి ఏదో చూసుకోలేదు. విన్న ముసలాయన ముఖం వెలిగిపోయింది. తిన్నగా మర్సెల్ దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ పట్టుకున్నాడు.

“మంచిదే జరుగుతోంది పిల్లా. ఎప్పుడో జరగాల్సింది. ఆలస్యమైందంతే.”

మర్సెల్ తెల్లబోయింది. నేను తాత కోటు పట్టుకుని ఇవతలికి లాగాను. ఆయన నవ్వుతూనే వచ్చాడు. ఎందుకు నవ్వుతున్నాడో నాకు బోధపడలేదు.

మధ్యాహ్నం సూపు దగ్గర మర్సెల్ చెంచా కింద పెట్టింది.

“ఎవరైనా చెప్తారా, లేక నేను రేపు చచ్చిపోతున్నానా? స్టూలు చప్పుడు చెయ్యడం మానేసింది. జేలీ నాకు మాంసం పెడుతోంది. వైద్యుడు కూడా ఇంత దయగా ఉండడు.”

జేలీ ఇక ఆగలేకపోయింది. వెడల్పు దగ్గర్నుంచి కోళ్ళ దాకా మొత్తం అప్పజెప్పింది. మర్సెల్ ఏడవలేదు, అరవలేదు. లేచి, మేము గుడ్డ ముక్కలు తూచే పెద్ద తక్కెడ దగ్గరికి వెళ్ళి, చెప్పులు విప్పి దాని పళ్ళెంలో నిలబడింది. ముల్లు ఎక్కడాగిందో చూసి దిగింది. అక్కడున్న మగాళ్ళందరం గోడ వైపు తిరిగాం. బరువు తూచుకున్న మనిషికి పరువు పోయినట్టు అనిపించకూడదు కదా.

“సరే,” అంది. “అతుకు ఇంకా మిగిలుంది. కుట్టి వస్తా.”

ఆ సాయంత్రం లోర్మో పెరట్లో గాలికోడి కింద నిలబడి ఉంటే, మర్సెల్ వెళ్ళి ఎదురుగా నిలబడింది. నేను పక్కనే తాళ్ళకి నూనె పట్టిస్తున్నాను. నూనె తక్కువైంది, చెవులు ఎక్కువయ్యాయి.

“మొస్యూ, గురువారం కొత్తది వస్తోందటగా.”

ఆయన పైపు నోట్లోంచి జారి గొడుగులో పడింది. “నీకెవరు చెప్పారు?”

“ఎవరు చెబితేనేం. నిజమేనా?”

“నేనే చెబుదామనుకున్నాను మర్సెల్. నొచ్చుకుంటావని నోరు రాలేదు. ఇరవై ఏళ్ళ సంగతి. నాకు మాత్రం బాధ లేదంటావా? రాత్రి నిద్ర లేదు.”

“బాధెందుకు లెండి. బరువెక్కువటగా.”

“బరువొక్కటే అయితే సర్దుకునేవాణ్ణి. అడుగు కూడా వదులైపోయింది.”

“అడుగా!”

“నువ్వు గమనించలేదేమో, నేను చాన్నాళ్ళ నుంచి చూస్తున్నాను. ఏదో ఒకరోజు అందరి ముందూ ఊడి కిందపడుతుందని నా భయం.”

మర్సెల్ తన కొంగు... కాదు, ఇక్కడ కొంగులుండవు, తన ఏప్రన్ను రెండు చేతులా వెనక్కి లాగి పట్టుకుంది.

“కొత్తది గట్టిదేనా?” అంది.

“చూడ్డానికి పుల్లలా ఉంటుంది గానీ గట్టిది. ఒకేసారి ముగ్గురు మగాళ్ళని మోస్తుంది.”

“దేవమాతా!” మర్సెల్ గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది.

“నీకూ నచ్చుతుంది చూడు. నువ్వే దగ్గరుండి దానికి కావలసినవన్నీ అమర్చాలి.”

మర్సెల్ వెనుదిరిగి వెళ్ళిపోయింది. లోర్మో కళ్ళు తుడుచుకున్నాడు. “ఎంత బాగా అర్థం చేసుకుంది!” అన్నాడు నాతో. “పెద్ద బరువు దిగిపోయింది సూరీ.” దిగిపోయిన ఆ బరువెవరో తలుచుకుంటే నాకు ఒళ్ళు మండింది. నూనె డబ్బా అక్కడే పారేసి లోపలికి పోయాను.

కుట్టుగదిలో మర్సెల్ కూర్చుని కుట్టడం మానేసింది. నాలుగు కుట్లు వేస్తుంది, లేస్తుంది. కిటికీ దాకా వెళ్తుంది, వస్తుంది. వేసిన కుట్టునే గోటితో గీకి చూస్తుంది. సూదిలా సూటిగా ఉండే మనిషి గదంతా వంకర టింకరగా తిరుగుతుంటే మాకెవరికీ పని సాగలేదు. ఒకసారి నా దగ్గర ఆగింది.

“ఇంకో కార్ఖానాకి పోలేనా అంటావా? పోగలను సూరీ. ఈ చేతికి పని దొరుకుతుంది. కానీ ఈ ఓడ నా అతుకు మీద లేస్తుంది. లేచేటప్పుడు కింద నిలబడి చూసేది మాత్రం ఎవత్తో పుల్లా? అది నా వల్ల కాదు.”

అంతే ఆవిడ అడిగింది. ఆ ఆదివారం తన అతుకు కింద, తన కార్ఖానా మనిషిగా నిలబడాలి.

గురువారం వచ్చింది. ఆ రోజు మా ఓడకి మొదటిసారి పొట్ట నింపాలి. గ్యాసుతో కాదు, మామూలు గాలితో. పెద్ద విసనకర్ర యంత్రం పిడి పట్టుకుని తిప్పుతుంటే గాలి గుడ్డలోకి పోయి, పసుపుపచ్చటి పొట్ట షెడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉబ్బుతుంది. అప్పుడు ఒక మనిషి కింది కంతలోంచి లోపలికి దూరి, ఎక్కడ వెలుగు చుక్క కనపడితే అక్కడ చిల్లున్నట్టు లెక్క, సుద్దతో గీసి అతుకు వెయ్యాలి. ఏ బెలూనుకైనా లోపలికి వెళ్ళేది మర్సెలే. లోపల ఆవిడ పాడుకుంటూ తిరుగుతుంటే, బయట మాకు ఓడే కూనిరాగం తీస్తున్నట్టుంటుంది.

ఆ రోజు పాట లేదు. చెప్పులు విప్పి, సూదీ దారం జేబులో వేసుకుని దూరింది. పిడి నేను తిప్పుతున్నాను. సూపు వేళ అయింది, రాలేదు. సూపు చల్లారింది, రాలేదు. జేలీ వెళ్ళి కంత దగ్గర వంగి చూసింది.

“సూరీ! కంతని లోపల్నుంచి దారంతో కుట్టేసుకుంది!”

లోర్మో పరిగెత్తుకొచ్చాడు. గ్యాసు నింపడానికి ఓడ కింద ఏనుగు తొండంలా ఒక గుడ్డ గొట్టం వేలాడుతుంటుంది. దాన్ని అందుకుని మూతికి ఆనించుకున్నాడు.

“మర్సెల్! బయటికి రా! ఏమైంది?”

తొండంలోంచి, నూతిలోంచి వచ్చినట్టు జవాబు వచ్చింది. “రాను. ఆదివారం ఇలాగే గ్యాసు నింపుకోండి.”

“గ్యాసు నింపితే పోతావు!”

“పైకి పోవడమే కదా మన వ్యాపారం.”

ఆ పరిస్థితిలో కూడా ఆ మాట నేను అనలేకపోయానే అని నాకు కాస్త ఈర్ష్య కలిగింది.

లోర్మో నా వైపు తిరిగాడు. “పిడి ఆపు. గాలి తగ్గితే తనే వస్తుంది.”

“ఆపితే వార్నిష్ గుడ్డ బరువంతా ఆవిడ మీద కూలుతుంది మొస్యూ. నేనాపను.”

“ఆపమంటున్నది యజమానిని!”

“తిప్పుతున్నది నేను!”

నా చెయ్యి లాగేస్తుంటే జేలీ వచ్చి పట్టుకుంది. జేలీ అలిసిపోతే కుట్టుగది అమ్మాయిలు వరసకట్టారు. అందరి చేతులూ మారుతున్నాయి గానీ పిడి మాత్రం ఆగలేదు. లోర్మో ఓడ చుట్టూ తిరుగుతున్నాడు, ఒకసారి ఇటు, ఒకసారి అటు. మీసం కొరుకుతున్నాడు. “ఆదివారం! ఆదివారం!” అంటున్నాడు. బర్నబే తాత ఆ రోజు ఎందుకో పెళ్ళికి వచ్చినట్టు నల్లకోటు వేసుకుని, చేతిలో ఊదాపూల గుత్తితో ఒక మూల నిలబడి, ఇదేం ఆచారమో అన్నట్టు చూస్తున్నాడు.

అప్పుడు వాకిట్లో బండి ఆగింది. బుట్టలల్లే క్రెపాఁ బండి. అందులోంచి ముందుగా ఒక అమ్మాయి గెంతింది. సన్నగా, పొడుగ్గా, టోపీతో కలిపి ఇంకా పొడుగ్గా.

షెడ్డులో గాలి యంత్రం తప్ప అన్నీ ఆగిపోయాయి.

“ఇదేనా?” అంది జేలీ, నడుం మీద చేతులు పెట్టుకుని.

“ఇదేనా ఏంటి?” అంది ఆ అమ్మాయి. “నేను క్రెపాఁగారి మేనకోడల్ని. పేరు యుర్సుల్.”

“కుట్టడం వచ్చా?”

“రాదు.”

“వార్నిష్?”

“ఛీ, కంపు.”

“మరేం వచ్చే నీకు?”

“అల్లడం.”

“అల్లడమా!” అన్నాను. “అది మా జేలీకీ వచ్చు. రోజుకో కథ అల్లుతుంది.”

ఈలోగా లోర్మో మమ్మల్ని తోసుకుంటూ బండి దగ్గరికి ఉరికాడు. టార్పాలిన్ ఎత్తిన చప్పుడు, వెంటనే ఆయన కేక: “ఆహాహా! ఎంత సన్నం! ఎంత నాజూకు! ఒక్క చేత్తో ఎత్తెయ్యచ్చు!” దాంతోపాటు పటపటమని తట్టిన చప్పుడు.

తొండంలోంచి మర్సెల్ గొంతు ఖణేల్మంది. “సిగ్గు లేదూ మొస్యూ! ఈ వయసులో, పట్టపగలు, పరాయి ఆడపిల్లని! దింపండి ఆ పిల్లని!”

యుర్సుల్ తొండం దగ్గరికి వెళ్ళి, అందులోకి తొంగిచూస్తూ అంది: “నన్నెవరూ ఎత్తలేదండీ. నేను ఇక్కడే ఉన్నాను. మీరెవరు? ఓడలో ఎందుకున్నారు?”

తొండం ఒకసారి ఊగింది. తర్వాత, అనుమానంగా: “అయితే ఆయన తడుతున్నదెవర్ని?”

క్రెపాఁ ఒక కొనా, లోర్మో ఒక కొనా పట్టుకుని లోపలికి తెచ్చారు. సన్నటి వెదురు బద్దలతో, పొడుగ్గా, పడవలా అల్లిన బుట్ట. పిల్లిపిల్లంత తేలిక. లోర్మో దాన్ని నేల మీద దింపి, రొప్పుతూ, మీసాల్లోంచి గర్వంగా అన్నాడు:

“చూశారా, మర్సెల్!”

“మర్సెల్ లోపలుందిగా?” అన్నాడు బర్నబే తాత.

“మర్సెల్ కాదయ్యా! మ నసెల్! మ, నసెల్! నా బుట్ట!”

మళ్ళీ వంతు వచ్చి పిడి తిప్పుతున్న నా చెయ్యి దానంతటదే ఆగిపోయింది. ఓడ ఒక పెద్ద నిట్టూర్పు విడిచి కొంచెం సడలింది. కుట్టుగది అమ్మాయి ఒకతె గబుక్కున పిడి అందుకుంది.

“మళ్ళీ అనండి మొస్యూ,” అన్నాను. “పైపు తీసి అనండి.”

పైపు తీశాడు. రెండు వేళ్ళతో మీసం పైకెత్తాడు. “మ నసెల్,” అన్నాడు.

“ఇప్పుడు మీసం దించి, పైపు పెట్టుకుని అనండి.”

“మర్సెల్,” అంది పైపు.

అందరం జేలీ వైపు తిరిగాం. జేలీ జీవితంలో మొదటిసారి గొంతు తగ్గించింది. “ఇస్త్రీపెట్టె బుస్సుమంది మరి,” అని మాత్రం గొణిగింది.

“అయితే పని అయిపోయింది, వెడల్పు, బరువు, అడుగు వదులు...” నేను వేళ్ళు మడుస్తున్నాను.

“నా పాత బుట్ట! షెడ్డులో వేలాడుతున్నది! ఈ కొత్త ఓడ కింద ఆ గుండ్రటిది కుదరదు. మీ అందరిచేతా ఏటా దానికి వైను పోయించి, ఇప్పుడు తీసేస్తానని ఏ ముఖంతో చెప్పను? దాని అంచుకి తోలు కుట్టింది మర్సెల్. అందుకే తన ముందు మరీ నోరు రాలేదు.” ఉన్నట్టుండి ఆయనకి పెరట్లో మాటలు గుర్తొచ్చినట్టున్నాయి. ముఖం టమాటా అయింది. “దేవుడా. అడుగు వదులైందన్నాను.”

“అన్నారు,” అంది తొండం.

“ముగ్గురు మగాళ్ళని...”

“అదీ అన్నారు.”

లోర్మో తొండాన్ని రెండు చేతులా పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అన్ని రోజుల్లో ఆయన కూర్చోవడం అదే మొదటిసారి. “మర్సెల్, నిన్ను తీసేసి నేను ఎగరేసేదేమిటి? మేజోళ్ళా? ఈ షెడ్డులో ఉన్నదంతా నువ్వు అతికిస్తే నిలబడింది. ఆదివారం నువ్వు కింద నిలబడి ‘వదలండి’ అంటే తప్ప ఒక్క తాడు వదలను. పదిమందిలో చెబుతున్నాను. బయటికి రా.”

దారం తెగిన చప్పుడు వినపడింది. కంతలోంచి ముందు సూది, తర్వాత చెయ్యి, తర్వాత సుద్దపొడి కొట్టుకున్న జుట్టు, చివరికి కాస్త ఇరుకై, ఊపిరి బిగబట్టి మిగతా మర్సెల్ బయటికొచ్చాయి. లేచి ఏప్రన్ దులుపుకుంది. కొత్త బుట్ట చుట్టూ ఒకసారి నడిచింది. గోటితో అంచు గీకింది.

“బాగానే అల్లారు,” అంది యుర్సుల్‌తో. తర్వాత లోర్మోతో: “ఆ పాతది కోళ్ళకి ఇవ్వకండి. నా స్టూలు పక్కన పెట్టండి. గుడ్డ ముక్కలు వేసుకుంటాను.”

“తీసుకో.”

“కిర్రుమంటే నూనె సూరీ పోస్తాడు.”

నేను అర్థమైంది అన్నట్టు తలూపాను. మా భాషలో ఆడమనిషికీ బుట్టకీ ఒకటే ‘అది’. వీళ్ళ భాషలోనూ బుట్ట ఆడదే. అక్కడే అందరం బుట్టలో పడ్డాం. ఆ ముసలాడి ‘మ నసెల్’లో మొదట వినపడాల్సింది మనసు. దాన్ని వదిలేసి మేము బరువులు తూచుకుంటూ కూర్చున్నాం.

అప్పుడు మూల నుంచి బర్నబే తాత పూలగుత్తితో కదిలి వచ్చాడు.

“అంతా బాగానే ఉంది గానీ, పెళ్ళెప్పుడు?”

“ఏ పెళ్ళి తాతా?” అన్నాం అందరం.

“జేలీ చెప్పిందిగా! లోర్మో మర్సెల్‌ని చేసుకుంటున్నాడని!”

లోర్మో పైపు మళ్ళీ జారింది. మర్సెల్ పూల వంకా, నల్లకోటు వంకా చూసి, అన్ని రోజుల తర్వాత మొదటిసారి పగలబడి నవ్వింది. జేలీ తాతని పట్టుకుని, ఈసారి మంచి చెవి ఏదో వెతికి చూసుకుని, షెడ్డంతా మారుమోగేలా అరిచింది:

“చేసుకుంటున్నాడు అనలేదు ముసలోడా, తీసేస్తున్నాడు అన్నాను! అది కూడా మర్సెల్‌ని కాదు, బుట్టని!”

“ఓహో,” అన్నాడు తాత. కాసేపు ఆలోచించి, పూలగుత్తి తీసుకెళ్ళి కొత్త బుట్టలో పెట్టాడు.